కండ మాట కొవ్వు విన్నది

ఆమె సర్వీసు పుస్తకం పదిహేడో పేజీలో ఒక వాక్యం ఉంది: "నిర్లక్ష్యముతో పరిశోధన నమూనాలను పాడుచేసినందున కల్చర్ గది విధుల నుండి తొలగించడమైనది." రాసినవాడు పెద్దసారు. రాసేటప్పుడే అది అబద్ధమని ఆయనకు తెలుసు. తెలిసి రాసిన అబద్ధానికి ఒక ప్రత్యేకమైన శుభ్రత ఉంటుంది. ఆ వాక్యంలో ఒక్క అక్షరదోషం లేదు, ఒక్క కొట్టివేత లేదు.

ఆ పశు పరిశోధన కేంద్రంలో అందరూ ఆమెను సీసాలత్త అనేవారు. ఇరవై రెండేళ్ల కిందట గాజుసీసాలు కడిగే పనికి చేరింది కాబట్టి ఆ పేరు. తర్వాత ఆమె సీసాలు కడగడం మానేసి గొర్రెల కండ కణాలనూ కొవ్వు కణాలనూ పెంచడం మొదలుపెట్టినా పేరు మారలేదు. పేరు మార్చాలంటే ఆమె ఏం చేస్తోందో ఎవరైనా తలెత్తి చూడాలి. అక్కడ తలలెత్తేది జీతాలు పెరిగే నెలలోనే.

ఆ కేంద్రంలో పని ఇది. కోసిన గొర్రె ఒంట్లోంచి చిన్న మాంసం ముక్క, చిన్న కొవ్వు ముక్క తెచ్చి, వాటిని విడగొట్టి, కల్చర్ గదిలో కణాలను విడివిడిగా ప్లేట్లలో పెంచుతారు. వాటి తిండి మీడియం అనే ఎర్రని ద్రవం. కణాలు తినేకొద్దీ ఎరుపు పోయి పసుపు తిరుగుతుంది. రెండు రోజులకోసారి పాతది తీసి కొత్తది పొయ్యాలి. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి కొవ్వు ఒప్పుకోదు. నిండా నూనె ఉన్న కొవ్వు కణం అడుగున కూర్చోదు, పైకి తేలుతుంది. అందుకని ఫ్లాస్కును మీడియంతో మూతిదాకా నింపి బోర్లించాలి. కణాలు తేలి పైకప్పును అంటుకుంటాయి. వారం తర్వాత ఫ్లాస్కును మామూలుగా తిప్పితే, ఆ కప్పే నేల అవుతుంది. నింపేటప్పుడు ఒక్క గాలిబుడగ మిగిలినా దాని కింద కణాలు ఎండి చస్తాయి. పై చదువులు చదివినవాళ్లు నింపిన ఫ్లాస్కుల్లో బుడగలు సోడాసీసాలో లాగా ఉండేవి. సీసాలత్త నింపిన దాంట్లో బుడగ చూసినవాడు లేడు.

ఆ సంవత్సరం పెద్దసారు ప్రాజెక్టు ఏమిటంటే, కొవ్వు కణాలకు ఏ నూనె పోస్తే అవి ఎంత లావెక్కుతాయో కొలవడం. పోస్తే లావెక్కుతాయని తెలుసుకోవడానికి మూడేళ్లు అడిగాడు, ఇచ్చారు.

ప్రాజెక్టు మధ్యలో మీడియంలో కలిపే సీరం రావడం పదకొండు రోజులు ఆలస్యమైంది. రెండు సీసాల మీడియం మిగిలింది, పన్నెండు కొవ్వు ప్లేట్లు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. పెద్దసారు ఏదో సదస్సులో ఉన్నాడు. సీసాలత్త ఫోన్ చేసింది.

"సార్, మీడియం చాలదు. ఏం చెయ్యమంటారు?"

"ఎలాగోలా సర్దమ్మా. ప్రతిదానికీ నాకు ఫోనేనా? భోజనం దగ్గరున్నా."

ఆమె సర్దింది. కళ్లజోడు మేడం అనే చిన్న శాస్త్రవేత్త సెలవు మీద వెళ్తూ వదిలేసిన కండ ప్లేట్లు ఎనిమిది పక్కనే ఉన్నాయి. వాటిలోంచి తీసి పారబోసే పాత మీడియం ఇంకా పూర్తిగా పసుపెక్కలేదు, సత్తువ ఉన్నట్టే ఉంది. దాన్ని సన్నటి ఫిల్టరులో వడకట్టి, సగం కొత్తది సగం ఇది కలిపి, కొవ్వు ప్లేట్లకు పోసింది. పోసి ఊరుకోలేదు. తేదీ, వేళ, ఎంత కొత్తదో ఎంత పాతదో, ఎవరిని అడిగి పోసిందో, అంతా తన గుండ్రటి అక్షరాలతో రిజిస్టర్లో రాసింది. దొంగతనం చేసేవాళ్లు రిజిస్టరు రాయరు. కానీ అక్కడ రిజిస్టరు రాసినవాళ్లే దొంగలయ్యారు.

ఆరో రోజు పెద్దసారు వచ్చి మైక్రోస్కోపులో చూశాడు. ద్రాక్షగుత్తుల్లా ఉండాల్సిన నూనెబొట్లు ఆవగింజల్లా అయిపోయి ఉన్నాయి. లావెక్కాల్సిన కొవ్వు బక్కచిక్కింది.

"ఏం కలిపావు?"

"రాశాను సార్. సగం కొత్తది, సగం కండ ప్లేట్లలోది."

"ఎవరు కలపమన్నారు?"

"మీరే సర్దమన్నారు."

"సర్దమంటే మురిక్కాలవ నీళ్లు పొయ్యమనా?"

"చెడిపోలేదు సార్. చచ్చిన కణం గుండ్రమై ఊడిపోతుంది. ఇవి చూడండి, అడుగుని గట్టిగా పట్టుకునే ఉన్నాయి. బొట్లు మాత్రమే కరిగాయి. కండ ఏదో చెప్పింది సార్, కొవ్వు విన్నది."

పెద్దసారు వెనక్కి తిరిగాడు. వెనక నలుగురున్నారు.

"విన్నారా? కండ మాట్లాడుతుందట, కొవ్వు వింటుందట! మన సీసాలత్త మధ్యలో దుబాసీ. ఏమమ్మా, నా కడుపు కూడా ఏదో అంటోంది, కాస్త విని చెబుతావా?"

నలుగురూ నవ్వారు. నవ్వకపోతే ప్రమోషన్ ఆగిపోయే నలుగురు. సెలవు నుంచి ఆ రోజే వచ్చిన కళ్లజోడు మేడం మాత్రం నవ్వలేదు, పెదవులు బిగించి కిటికీలోంచి బయటికి చూసింది. ఆ రోజుకు ఆమె ధైర్యం అక్కడితో అయిపోయింది.

గంటలో రిజిస్టరు పెద్దసారు బీరువాలోకి వెళ్లింది. మర్నాడు పదిహేడో పేజీ నిండింది. ఆ మర్నాడు సీసాలత్త గొర్రెల కొట్టాల్లో పెంట ఎత్తుతోంది.

ఆమెకు మాంసం సంగతి కల్చర్ గదిలో తెలిసింది కాదు. అన్న కబేళాలో మాంసం కోసేవాడు. చిన్నప్పుడు మధ్యాహ్నం అన్నం క్యారేజీ తీసుకెళ్లి, ఆయన తినేదాకా పక్కన నిలబడేది. కత్తిమొనతో చూపిస్తూ చెప్పేవాడు: "ఇదిగో చూడవే. దీన్ని కట్టేసి మేపారు. కొవ్వంతా తోలు కింద దుప్పటిలా పరుచుకుంది. ఇది చూడు, కొండలెక్కి తిరిగినది. కొవ్వు ఎక్కడుందో వెతుక్కోవాలి." ఆయన బడికి వెళ్లింది రెండేళ్లు. కానీ కదిలిన కండకూ కదలని కండకూ పక్కనున్న కొవ్వు ఒకేలా ఉండదని ఆయనకు తెలుసు. పెద్దసారు గొర్రెను ముక్కలైన తర్వాతే చూశాడు, అదీ మూతి బిగించిన గాజుసీసాలో.

అన్న ఇంట్లోనే ఆమె ఉండేది. భర్త పోయి పద్దెనిమిదేళ్లు. వదిన నోరు మంచిది కాదు, మనసు మాత్రం నోటికంటే కాస్త నయం.

"ఏమ్మా ఆడబిడ్డా, ఇవాళ గొర్రెలేమన్నాయి?" కొట్టం వాసనతో ఆమె గుమ్మంలోకి రాగానే అడిగేది.

"నీ తమ్ముణ్ణే అడుగుతున్నాయి వదినా. మందలోంచి తప్పిపోయి ఎన్నాళ్లయింది, ఇంకా రాలేదేమని."

"మా వాడి జోలికొస్తే ఊరుకోను."

"నేనెందుకొస్తాను? వాడి వాళ్లు అడిగితే చెప్పాను."

ఇలా నవ్వేది గానీ, అన్నం కలుపుతూ చేతులు చూసుకునేది. పార పట్టి అరచేతులు కాయలు కాశాయి, వేళ్ల చివర్లు పగిలాయి. ఫ్లాస్కు మూతి దగ్గర ఆఖరి బొట్టు బుడగ లేకుండా దింపాలంటే వేలికి వెంట్రుకంత కదలిక తెలియాలి. నెలలు గడిచేకొద్దీ ఆ తెలివి వేళ్లలోంచి పోతోంది. రిటైర్మెంటుకు మూడేళ్లుంది. పదిహేడో పేజీ ఉన్నంతకాలం కల్చర్ గది తలుపు తెరుచుకోదు. ఆమెకు కావలసింది ఒక్కటే: ఆ వాక్యాన్ని రాసిన చెయ్యే కొట్టెయ్యాలి. జీతం పెంచమని అడగలేదు, శాలువా కప్పమని అడగలేదు. చూడబోతే అదే అందరికీ కష్టంగా తోచింది. శాలువా అయితే మర్నాడే కప్పేవారు.

ఏడు నెలల తర్వాత కళ్లజోడు మేడం కొట్టాలకు వచ్చింది, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని.

"అత్తా, సారు కొత్త ప్రాజెక్టు తెచ్చారు. చాలా పెద్దది."

"దేనిమీద?"

మేడం గొర్రెల వైపు చూసింది. "పశువుల్లో కండ కణాలకీ కొవ్వు కణాలకీ మధ్య... సంభాషణ."

సీసాలత్త పార గోడకానించింది. "నేనంటే మురిక్కాలవ, ఆయనంటే సంభాషణ. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. ఈయన నాకు అల్లుడు కూడా కాదు కదమ్మా!"

సంగతేమిటంటే, పెద్దసారు ఆ ఏడు నెలలూ బీరువాలో రిజిస్టరు పెట్టుకుని ఊరుకోలేదు, చదివాడు. పాత ఫోటోలు మళ్లీ చూశాడు. కణాలు నిజంగానే అడుగుని పట్టుకుని ఉన్నాయని ఆయనకూ అర్థమైంది. అర్థమైన రోజు లేచి కొట్టాల దాకా నడిచి రావచ్చు, దూరం మూడు వందల అడుగులు. ఆయన విమానం ఎక్కి రెండు వేల మైళ్లు వెళ్లి ఉపన్యాసం ఇచ్చాడు. "కండ నోరులేని మాంసం కాదు. అది కబురు పంపుతుంది. కొవ్వు ఎక్కడ పెరగాలో, ఎక్కడ కరగాలో ఆ కబురే చెబుతుంది. ఆ కబురు చిక్కితే, తోలు కింద వృథాగా పేరుకునే కొవ్వును మాంసం పోగుల మధ్యకు మళ్లించవచ్చు," అన్నాడట. చప్పట్లు మోగాయట. ఆవిష్కరణ ఎలా జరిగిందని ఎవరో అడిగితే, "ఒక ఉదయం మైక్రోస్కోపు ముందు ఒంటరిగా కూర్చుని ఉండగా" అని మొదలుపెట్టాడట.

డబ్బు వచ్చింది, కొత్త యంత్రాలు వచ్చాయి. కొవ్వు బొట్టు మాత్రం కరగలేదు.

ఒకసారి కాదు, పదకొండుసార్లు చేశారు. రిజిస్టర్లో రాసిన కొలతలతోనే కండ ప్లేట్లలో మీడియం తీసి, వడకట్టి, కొవ్వుకు పోశారు. కొవ్వు విననే లేదు. హాయిగా లావెక్కింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు పెద్దసారు ముందు సీరం బాగాలేదన్నాడు. తర్వాత ఫిల్టరు బాగాలేదన్నాడు. తర్వాత ఈ జాతి గొర్రెలే మందమతులన్నాడు. చివరికి తప్పు మేడంది అన్నాడు. కుక్కిన పేనులా పడుండేవాళ్లకు ఇలాంటి బహుమతి ఎప్పుడో ఒకప్పుడు దక్కుతుంది.

మేడం మళ్లీ కొట్టాలకు వచ్చింది. ఈసారి రుమాలు తేవడం మరిచిపోయింది.

"అప్పుడు మీరేం చేశారత్తా?"

"రాశాను కదా."

"రాసినట్టే చేస్తున్నాం."

"అయితే కరగాలి."

"కరగట్లేదు."

సీసాలత్తకు కారణం అప్పుడే తట్టింది. రిజిస్టర్లో ఆమె 'కండ ప్లేట్లు' అని రాసింది. అంతకంటే రాయనక్కరలేదు, ఎందుకంటే ఆ రోజు గదిలో ఉన్న కండ ప్లేట్లు అవే. మేడం సెలవు పెట్టి వెళ్లాక ఆమె తప్పకుండా మేపుతూ వచ్చిన ప్లేట్లు అవి. మూడు వారాల వయసువి. విడివిడి కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని పొడవాటి పోగులై, మైక్రోస్కోపు కింద తమంతట తామే తుళ్లిపడుతుండేవి. వీళ్లు తీస్తున్నది రెండు రోజుల పసికణాల మీడియం. అవి ఇంకా కండ కాలేదు, ఒక్కసారి కూడా కదల్లేదు. వాటికి చెప్పడానికి కబురేముంటుంది? కొండెక్కిన గొర్రెకూ కట్టేసిన గొర్రెకూ ఉన్న తేడానే.

"మీకు తెలుసు కదూ?" మేడం ఆమె మొహంలోకి చూసింది.

"రిజిస్టరు తెచ్చి ఇవ్వండి, నేను రాసిన పేజీ నాకు చూపించండి. చెబుతాను."

"అది సారు బీరువాలో..."

"ఎక్కడుందో తెలుసమ్మా. మీకు తెలిసి రెండేళ్లవుతోందని కూడా తెలుసు."

మేడం ఏడ్చింది. మంచి మనిషే. ఎవరికీ పనికిరానంత మంచి మనిషి.

కమిటీ వస్తోందన్న కబురు ఆ వారంలోనే వచ్చింది. డబ్బిచ్చినవాళ్లు మూడు నెలల్లో వచ్చి, కొవ్వు కరగడం తమ కళ్లతో చూస్తారట. లేకపోతే ప్రాజెక్టు వేరే చోటికి పోతుంది, పెద్దసారు కుర్చీ దాని వెంటే పోతుంది. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అనేది ఆయన చదవని పాఠం కాదు. మూడు వందల అడుగులు నడిచి వచ్చాడు, చెప్పులు పెంటలో పడకుండా గెంతుతూ.

"ఏమ్మా, ఎలా ఉన్నావు? ఎన్నాళ్లయింది చూసి! ఇదేం పని నీకు? నీలాంటి చెయ్యి ఇక్కడ ఉండాల్సింది కాదమ్మా."

"తెచ్చి పెట్టింది మీరే సార్."

"పాతవన్నీ తవ్వకు. ఇదిగో, నీకోసం నేనే స్వయంగా రాయించాను." కవరులోంచి కాగితం తీశాడు.

ఆమె చేతులు తుడుచుకుని చదివింది. గతంలో చేసిన తప్పిదమును మానవతా దృక్పథముతో క్షమించడమైనది, తిరిగి కల్చర్ గదిలో చేరవచ్చును, అని ఉంది.

"క్షమించారా?"

"అంతా క్లియర్. రేపు వచ్చెయ్. వచ్చి, అప్పుడేం చేశావో ఒక్కసారి చేసి చూపించు."

"చెయ్యని తప్పుకి క్షమాపణ దేనికి సార్? దీని మీద చేరితే తప్పు చేశానని నేనే ఒప్పుకున్నట్టు." కాగితం మడిచి ఇచ్చేసింది. "పదిహేడో పేజీ కొట్టేసి తీసుకురండి. సర్దమని చెప్పింది నేనేనని పక్కన ఒక్క ముక్క రాయండి. చాలు."

"అది రికార్డమ్మా! రికార్డులో నేను తప్పు రాశానంటే నా పరువేం కాను?"

"నా పరువు అందులోనే ఉంది కదా సార్, అడగండి దాన్ని, ఎలా ఉందో చెబుతుంది."

ఆయన గెంతుతూ వెళ్లిపోయాడు.

ఇంట్లో అన్న కూడా ఆయన పక్షమే. "ఆ గది కోసమే కదే కుమిలిపోతున్నావు. కాగితమిచ్చి రమ్మంటే రానంటావేమిటి? పంతం తిని బతుకుతావా?"

"పంతం తిని బక్కచిక్కినా ఫర్వాలేదన్నయ్యా. క్షమాపణ తిని లావెక్కినవాళ్లని చాలామందిని చూశాను."

"చూశావా నీ చెల్లెలు!" అంది వదిన. "నన్నంటోందో, మా తమ్ముణ్ణంటోందో తెలీకుండా అంటుంది!"

ఎవరూ నవ్వలేదు. అన్న చెప్పిందాంట్లో నిజముంది. ఆమె పంతంలో ఆత్మగౌరవంతో పాటు గర్వమూ ఉంది. ఆ కేంద్రం మొత్తంలో ఆ విషయం తెలిసినది తనొక్కతే అన్న రుచి నాలుకకు తగిలింది. ఉమ్మెయ్యడానికి మనసు రాలేదు. పగిలిన వేళ్లతో ఆ రుచి చప్పరిస్తూ మరో రెండు నెలలు పెంట ఎత్తింది.

కమిటీ రావడానికి నెల రోజులుందనగా పెద్దసారు మళ్లీ వచ్చాడు. ఈసారి చంకలో ఆమె సర్వీసు పుస్తకం ఉంది. గొర్రెలు మేతకు పోయిన వేళ, ఖాళీ కొట్టంలో, నీళ్లతొట్టి అంచు మీద పుస్తకం పెట్టి పదిహేడో పేజీ తెరిచాడు. వాక్యం మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఒక గీత ఉంది. పక్కన చిన్నగా సంతకం కూడా ఉంది.

"చూశావుగా? అడిగింది చేశాను. ఇంక చెప్పు."

ఆమె పేజీని వెలుగుకేసి వంచింది. గీత బూడిదరంగులో మెరిసింది. బొటనవేలు తడి చేసి చివర రుద్దింది. గీత కొసా, సంతకం కొసా కలిసి మసకబారాయి. ఇంత చదువుకున్న మనిషి, జేబులో రెండు బంగారు పెన్నులు పెట్టుకుని, ఎక్కడినుంచో పెన్సిలు వెతుక్కుని మరీ గీశాడు.

ఆ తర్వాత జరిగినవి చెప్పేస్తాను. కమిటీ వచ్చింది. పెద్దసారు రెండు రోజులవి కాక పది రోజుల కండను పెట్టి చూపించాడు. కొవ్వు ఆయన మాటా వినలేదు, కండ మాటా వినలేదు. రెండు నెలల్లో ఆయన వేరే ఊరికి బదిలీ అయ్యాడు, అక్కడ పాడిపశువుల మీద ఉపన్యాసాలిస్తున్నాడట. పెన్సిలు గీతను వెళ్లే ముందు ఆయనే తుడిచాడో, ఆఫీసులో ఎవరైనా తుడిచారో తెలియదు. వాక్యం ఇప్పటికీ అక్కడే ఉంది, అక్షరదోషం లేకుండా. ఆరు నెలల తర్వాత కళ్లజోడు మేడం, ప్లేట్లు కడగడం మరిచిపోయిన ఒక వారంలో, ముదిరిన కండ తుళ్లడం తానే చూసింది. దాని మీడియం పోస్తే కొవ్వు కరిగిందని పరుగున వచ్చి సీసాలత్తకు వార్తలా చెప్పింది. సీసాలత్త "అవునా!" అంది. మేడం వ్యాసం చివర 'గొర్రెల విభాగం సిబ్బంది'కి కృతజ్ఞతలు ఉన్నాయి. ఆ విభాగంలో సిబ్బంది అంటే సీసాలత్త ఒక్కతే. పేరు రాయడానికి మేడంకు ధైర్యం చాలలేదు, మానెయ్యడానికీ చాలలేదు. సీసాలత్త కొట్టాల్లోనే రిటైరయింది.

పెద్దసారూ ఆమే మళ్లీ ఎదురుపడలేదు. కాబట్టి ఆ ఉదయం ఖాళీ కొట్టంలో, పుస్తకం మూసి ఆయన చేతికిస్తూ ఆమె అన్నదే ఆయనతో ఆఖరి మాట.

"పెన్సిలుతో కొట్టారు సార్, పని కాకపోతే తుడిచెయ్యొచ్చని. నేనూ అంతమటుకే చెబుతాను మరి. కండ ముదరాలి. ఎన్నాళ్లు ముదరాలో, ముదిరిందని ఎలా తెలుస్తుందో, అది పెన్నుతో కొట్టేవాళ్లొస్తే చెబుతాను."